బట్టల గది లోపలి సప్పుడు

గోదావరిఖనిల ఓ ప్రైవేటు దవాఖాన ఉన్నది. పేరు చెప్పను. దాని కింది అంతస్తుల బట్టల గది అంటే అక్కడ పనిచేసేటోళ్లకు పెయ్యంత జలదరిస్తది. ఒకప్పుడు అండ్ల శవాలు పెట్టేటోళ్లట. రాత్రిపూట లోపలి నుంచి తలుపు కొట్టిన సప్పుడు వస్తదని, తీసినోళ్లు బతకరని చెప్పుకుంటరు. చీకటి పడ్డంక ఎవ్వరూ ఆ మెట్లు దిగరు.

శోభక్క దిగింది. మా వాడకట్టే ఆమెది. ఆమె చెప్పిందే నేను చెప్తున్న.

శోభక్క ఆ దవాఖానల కొత్తగ చేరిన నర్సు. ఆ రోజు పొద్దటి డ్యూటీ దిగి చెప్పులు తొడుక్కుంటుంటే ఇన్‌చార్జి సిస్టర్ ఆపింది.

"రమ రాలే. మధ్యాహ్నం డ్యూటీ గుడ నువ్వే చూడాలె."

చూసింది. అది అయిపోయేసరికి రాత్రి డ్యూటీ ఆమెకు జ్వరమని ఫోనొచ్చింది. మళ్ల శోభక్కే. వార్డు నిండ మంచాలు, ఆమె ఒక్కతి. పొద్దటి సంది కడుపుల మెతుకు లేదు. కాళ్లు ఉబ్బి చెప్పులల్ల పడుతలేవు.

నడిరాత్రి ఓ ముసలవ్వ పక్క తడుపుకున్నది. మార్చుదామంటే వార్డుల దుప్పట్లు లేవు. ఆయాను పొమ్మంటే రెండు చేతులెత్తి దండం పెట్టింది.

"సంపినా పోనక్కా…"

ఫోను చార్జింగుల ఉన్నది. దాన్ని అట్లనే ఇడిసి, ఎవ్వరికీ చెప్పకుంట శోభక్కే మెట్లు దిగింది.

గది తలుపు ఇనుపది. లోపల బల్బు ఎప్పుడో పోయింది. మెట్ల దగ్గరి వెలుతురులనే తడుముకుంట దుప్పట్లు తీసి చంకల పెట్టుకున్నది. గప్పుడు —

ధడేల్!

తలుపు మూసుకున్నది. ఆ ఊపుకు బయటి గడియ దానంతట అదే పడ్డది. లోపటి దిక్కు పట్టుకుందామంటే పిడి లేదు.

చీకటి… కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. అండ్ల ఎవరో ఊపిరి తీస్తున్నరు. దగ్గరనే… గట్టి గట్టిగ…

కొంచెం సేపటికి సోయి వచ్చింది — ఆ ఊపిరి తనదే.

తలుపు కొట్టింది. ఒర్రుదామంటే గొంతు పిడుచకట్టుకపోయి ఉత్త గురగుర తప్ప మాట రాలే. మళ్ల కొట్టింది. మెట్ల మీద అడుగుల సప్పుడు వినవడ్డది. పానం లేచొచ్చింది. ఇంకా గట్టిగ కొట్టింది.

అడుగులు ఆగినయి. వాచ్‌మన్ సదయ్య గొంతు, గుసగుసగ —

"లేచింది… మళ్ల లేచింది. ఉరుకుండ్రి!"

దబదబ మీదికి ఉరికిండ్రు.

శోభక్కకు అప్పుడు సమజైంది. వాళ్లు భయపడే దెయ్యం… ఇప్పుడు తనే. ఎంత గట్టిగ కొడితే అంత దూరం ఉరుకుతరు. కొట్టకపోతే ఈడ ఒకతి ఉన్నదన్న సంగతే ఎవరికీ తెల్వది.

గోడలు మీద పడుతున్నట్టే ఉన్నది. గాలి ఆడక కండ్లు తిరిగినయి. కింద పడి, తలుపు సందుల ముక్కు పెట్టి, పిడికిలితోని కొట్టుకుంటనే ఉన్నది. సిన్నగ… ఇంకా సిన్నగ…

మెట్ల మీద దగ్గు వినవడ్డది. అడుగులు నిమ్మలంగ దిగినయి. గడియ కిర్రుమన్నది.

ఎదురుంగ ఓ ముసలాయన. చేతికి సెలైన్ సూది అట్లనే ఉన్నది. మగోళ్ల వార్డుల పేషెంటు గట్టయ్య కాక. బొగ్గుబాయిల పనిచేసి రిటైరైనాయన. వార్డు కాడ అందరు వణుకుతుంటే లేచి వచ్చిండు. శోభక్క రెక్క పట్టి బయటకు గుంజిండు.

"భయం కాలేదా కాకా?"

"బాయిల బండ కూలినంక అవుతల నుంచి సప్పుడొస్తే, దెయ్యమా మనిషా అని అడుగుతమా బిడ్డా? పోవుడే."

సదయ్య మెట్ల మీద నిలవడి చూస్తున్నడు. శోభక్క మొఖం కనవడంగనే గోడకు ఒరిగి కూలవడ్డడు.

"అయితె… సారవ్వ గుడ…"

"సారవ్వ ఎవరన్నా?"

"నువ్వు రాకముందు ఆయా. రెండు డ్యూటీలు చేసి, బట్టలకని గిండ్లకే దిగింది. పొద్దుగాల తలుపు తీస్తే సచ్చి ఉన్నది. దెయ్యం సంపిందన్నరు…"

సదయ్య నెత్తి పట్టుకొని గుసగుసగ అన్నడు —

"ఆ రాత్రి గుడ లోపటి నుంచి సప్పుడొచ్చిందక్కా. మేం అందరం విన్నం… తెల్లారేదాక విన్నం."