పక్క పార్కు జెయింట్ వీల్

గోడ అవతలి రిసార్టులో, జెయింట్ వీల్ నడిపే అమ్మాయితో తన బావ నవ్వుతూ మాట్లాడటం చూసి అతనికి కడుపు భగ్గుమంది. బావకి పెళ్లయింది. అదీ తన సొంత అక్కతోనే. పైగా బట్టతల. అయినా భగ్గుమంది.

రెండు రిసార్టులకీ మధ్య ఒకటే గోడ. ఇటువాళ్లు కొత్త జారుడుబండ పెడితే, నెల తిరక్కుండా అటువాళ్లు రెండు మెలికలు ఎక్కువున్నది పెడతారు. అందుకే ప్రతి బుధవారం అతను మామూలు మనిషిలా టికెట్ కొనుక్కుని, జేబులో స్టాప్‌వాచీతో గోడ అవతలివాళ్ల జెయింట్ వీల్ ఎక్కేవాడు. అది ఎన్ని నిమిషాలు తిరుగుతుందో చూసి రావడం అతని పని. తమ పార్కులో వీల్ నడిపేది అతనే మరి.

మూడు బుధవారాలూ తొమ్మిది నిమిషాలని రాశాడు. మేనేజర్ తమదీ తొమ్మిది చేయించాడు. క్యూ కొండచిలువలా పెరిగింది. విసుగెత్తిన జనం గోడ అవతలికి నడిచారు.

"ఏమయ్యా, నీ లెక్క మీద నాకు నమ్మకం పోయింది" అని మేనేజర్ ఈ వారం టికెట్ కౌంటర్లో కూర్చునే బావని పంపాడు.

అతను ఉండబట్టలేక వెనకాలే వచ్చి ఐస్‌క్రీం బండి చాటున నిలబడ్డాడు.

బావ ఎక్కిన వీల్ ఆగాల్సినప్పుడు ఆగలేదు. ఇంకో చుట్టు. మరొకటి. అచ్చం తనకి తిప్పినట్టే. తను దిగాక ఎక్కినవాళ్లు తొందరగా దిగిపోవడం అతను ఎప్పుడో గమనించాడు. ఆ ఎక్కువ చుట్లు తనకోసమేనని మురిసిపోయి, రిపోర్టులో మాత్రం రాయలేదు. అలాంటివి మేనేజర్లకి రాసేవి కావనుకున్నాడు.

ఇప్పుడు బావ మీదకంటే, అంత తేలిగ్గా నమ్మిన తన మీదే అతనికి ఎక్కువ కోపం వచ్చింది. బావ వెళ్లేదాకా ఆగి, వీల్ గేటు దగ్గరికి వెళ్లాడు.

"ఎంతమందికి వేస్తారండీ, ఇలా ఎక్స్‌ట్రా చుట్లు?"

"మీ పార్కు నుంచి ఎంతమంది వస్తే అంతమందికి." ఆమె గేటు గొలుసు తగిలిస్తూ తల కూడా ఎత్తలేదు. "మా సార్ ఆర్డర్. వాచీతో వచ్చినవాళ్లకి ఆరు నిమిషాలది తొమ్మిది చూపించమన్నారు."

"వాచీతో వచ్చామని ఎలా తెలుసు?"

"అంత పైకెక్కి, ఆకాశం వదిలేసి గుప్పెట్లోకి చూసుకునేవాళ్లు ఇంకెవరుంటారు?"

అతని మొహం మాడిపోయింది. "అయితే నాకూ ఆర్డరేనన్నమాట."

"మొదటి వారం."

"తర్వాత?"

"కిందటి బుధవారం ఎన్ని నిమిషాలు తిరిగిందో మీరే చెప్పండి."

"తొమ్మిది. రాశాను కదా!"

"రాయడం సరే. వాచీ చూశారా?"

అతను జేబు తడుముకున్నాడు. రెండో వారం నుంచి వాచీ జేబులోంచి తీయనేలేదు. పైనుంచి ఈ అమ్మాయి పాపిట, మీట మీద ఈ చెయ్యి, ఇవే చూశాడు. మొదటి వారం అంకెనే మళ్లీ మళ్లీ రాసిచ్చాడు.

"పదమూడు" అంది ఆమె. ఇప్పుడు తల ఎత్తింది. "క్యూలోవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. మా సార్ మెమో ఇచ్చారు. తొమ్మిది దాటి తిప్పమని ఏ ఆర్డర్లోనూ లేదు."

"మరి ఎందుకు తిప్పారు?"

"ఆపితే దిగి వెళ్లిపోతారుగా."

అతను పొంగిపోవాలి. పొంగాడు కూడా. కానీ ముల్లు ఒకటి ఇంకా లోపల గుచ్చుతూనే ఉంది.

"మా బావకి ఎంత తిప్పారు?"

ఆమెకి నవ్వాగలేదు. "ఆయన మీ బావా? ఇంటికెళ్లి ఆయన్నే అడగండి!"

ఇంటికి వెళ్లేసరికి బావ అక్క పక్కన కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు.

"బావా, ఎన్ని నిమిషాలు?"

"తొమ్మిది. సెకను తేడా లేదు. నీ లెక్క కరెక్టేరా."

"నీ వంక ఏమైనా చూసిందా?"

"ఎవరు?" అన్నాడు బావ.

"అవును, ఎవరు?" అంది అక్క, చేతిలోని చెంబు ఠప్పున కింద పెట్టి.

బావ మొహం పాలిపోయింది. అతను అక్క ముందు నిలబడి, నెల రోజుల్లో మొదటిసారి ఉన్నదున్నట్టు రిపోర్టు ఇచ్చాడు.

"కంగారుపడకక్కా, చూసింది బావని కాదు. నన్ను. పదమూడు నిమిషాలు."