తొమ్మిది సెకన్ల సాక్ష్యం

సముద్రం అడుగున పొద్దు పొడవదు. ఉదయం ఆరింటికి గోడల్లోని దీపాలు పసుపు నుంచి తెలుపుకు మారతాయి, అంతే. భీమిలి తీరానికి దూరంగా, అరవై మీటర్ల లోతున ఉన్న జలధి పట్టణంలో ఎనిమిది వందల మంది ఆ తెలుపునే తెల్లవారడం అనుకుంటారు. 2084లో విశాఖ తాగే మంచినీళ్లలో సగం అక్కడ ఉప్పు విడిచి పైకి వచ్చినవే.

ఆ శుక్రవారం దీపాలు తెల్లబడేసరికి దర్యాప్తు అధికారి వింధ్య టెర్మినల్ ముందు కూర్చుని ఉంది. మూడేళ్లలో నలభై ఒక్క కేసులు. ఒక్కటీ వీగిపోలేదు. ఇది నలభై రెండోది.

మంగళవారం మధ్యాహ్నం ఏడో తూము తెరుచుకోకూడని సమయంలో తెరుచుకుంది. బయట జాలీ శుభ్రం చేస్తున్న గజ ఈతగాడు గంగులును నీటి ఉరవడి లోపలికి లాగేసింది. శవం కూడా సరిగా దొరకలేదు. ఆ సమయంలో తూముల గదిలో డ్యూటీలో ఉన్న మనిషి ఒక్కతే, పైడితల్లి. సాయంత్రం ఐదింటికి విచారణ. నేరం రుజువైతే తీరానికి వెళ్లే ఆరింటి జలాంతర్గామి పడవలో నేరుగా జైలుకి. పన్నెండేళ్లు.

వింధ్య ఆదేశం టైపు చేసింది.

విప్పు తూము-7 మంగళవారం, వెతుకు పైడితల్లి

తొమ్మిది సెకన్లు. తెర మీద ఒక వరుస వెలిగింది.

14:06:12. ఏడో తూము. తెరిచింది: పైడితల్లి. కుడి బొటనవేలి ముద్ర.

దాని కింద, ఎప్పుడూ వచ్చే ప్రశ్న: సరిపోయిందా? ఔను / కాదు.

వింధ్య వేలు ఔను మీదకు వెళ్లింది. నలభై ఒక్కసార్లు వెళ్లిన దారే.

"నొక్కీకమ్మా, ఒక్క నిమిషం ఆగు," అంది వెనక నుంచి పైడితల్లి. ఆమెను కాపలా గది నుంచి అప్పుడే తెచ్చారు. నలభై ఐదేళ్ల మనిషి, మొహం ఉప్పుకి ఎండిపోయి ఉంది. "ఏటి రాసుందక్కడ?"

"కుడి బొటనవేలి ముద్రతో నువ్వే తెరిచావని."

పైడితల్లి కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. నాలుగే వేళ్లున్నాయి.

"రెండేళ్లయిందమ్మా, పంపు చక్రం తినీసి. నాను ఎడం చేత్తోనే నొక్కుతాను. ఊరంతటికీ తెల్సు. నీ మిషనుకి తెల్దా?"

వింధ్య ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయింది. నకిలీ ముద్రా? యంత్రాలు రాసుకునే లాగ్‌లో ఎవరో చెయ్యి పెట్టారా? కానీ ఫైలులో ఒక్క అక్షరం మార్చినా మారిపోయే ముద్రసంఖ్య చెక్కుచెదరలేదు. మంగళవారం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. జాడ తెలియకుండా ముట్టుకోగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు: డాక్టర్ ఇందుశేఖర్.

విచారణ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. 'మడత' కనిపెట్టింది కూడా ఆయనే.

పాత పద్ధతుల్లో లాగ్‌ను కుదిస్తే పదో వంతుకు తగ్గేది. విప్పితే ప్రతి అక్షరం తిరిగొచ్చేది. కానీ జలధిలో నలభై వేల సెన్సర్లు, ప్రతి సెకనుకూ పంపుల వేగం, కంప్యూటర్ల భారం, పీడనం, తూముల కదలిక రాసుకుంటూనే ఉంటాయి. అంత దాచడానికి చోటు చాలదు. మడత దాన్ని పదివేలో వంతుకు కుదించింది. ఊహించగలిగిన దాన్నల్లా పారేసి, ముఖ్యమైన గుర్తులు మాత్రం ఉంచుకుంటుంది. విప్పేటప్పుడు మధ్యలో ఖాళీలను మళ్లీ ఊహించి నింపుతుంది. మొత్తం ఫైలు విప్పడానికి తొమ్మిది గంటలు పడుతుంది. అందుకే సిబ్బంది ఒక అడ్డదారి అలవాటు చేసుకున్నారు. ఆదేశం చివర ఒక పేరు తగిలిస్తే తొమ్మిది సెకన్లే.

వింధ్య అనుమానం దిశ మార్చుకుంది. మళ్లీ టైపు చేసింది. వెతుకు ఇందుశేఖర్.

14:06:12. ఏడో తూము. తెరిచింది: ఇందుశేఖర్. కుడి బొటనవేలి ముద్ర.

దొరికాడు! మరుక్షణం ఆమె పాత వరుసను దీని పక్కన పెట్టి చూసింది. అదే సెకను. అదే వేలు.

"ఇప్పుడేటయింది?" అంది పైడితల్లి.

వింధ్య ఇంకో పేరు కొట్టింది. వెతుకు గంగులు.

14:06:12. ఏడో తూము. తెరిచింది: గంగులు. కుడి బొటనవేలి ముద్ర.

పైడితల్లి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "సచ్చినోడా? ఆడు బయట నీళ్లల్లో ఉంటే లోనకొచ్చి మీట నొక్కినాడా? ఓలమ్మ, ఇదేం మిషనమ్మా!"

గోడ గడియారం ఏడుంబావు చూపిస్తోంది. వింధ్య పేరు తీసేసి, ఉత్త ఆదేశం ఒక్కటే పంపింది. యంత్రం కాసేపు తటపటాయించినట్టు ఆగింది.

పేరు ఇవ్వలేదు. ఎవరి కోసం?

ఆమె ఆ చోటు ఖాళీగానే వదిలి ఎంటర్ కొట్టింది. తెర మూల ఒక అంకె మొదలైంది. ఒక శాతం.

మధ్యాహ్నం ఇందుశేఖర్ స్వయంగా వచ్చాడు. నున్నటి గడ్డం, మెత్తటి గొంతు.

"మొత్తం విప్పుతున్నారని విన్నాను. పంతొమ్మిదేళ్లలో ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఎందుకు శ్రమ? పేరు దొరికిందిగా."

"మూడు దొరికాయి సార్. అందులో మీదొకటి."

ఆయన నవ్వు ఆగలేదు గానీ, కళ్లు ఆగిపోయాయి. "ఆపెయ్యండి. ఇది అధ్యక్షుడి మాట."

"రాసివ్వండి. ఫలానా లాగ్ విప్పడం ఆపమన్నానని, కింద సంతకంతో."

ఆయన రాసివ్వలేదు. వెళ్లిపోయాడు. వింధ్య లేచి తలుపు గడియ వేసింది. నాలుగున్నర దాకా ఆ కుర్చీ వదల్లేదు, నీళ్లు తాగడానికి కూడా.

ఐదింటికి విచారణ గదిలో పెద్ద తెర మీద ఆమె పూర్తి లాగ్ పెట్టింది. సంఘం సభ్యులిద్దరూ ముందుకు వంగారు.

14:00:00. వారపు లాగ్‌ల కుదింపు మొదలు. ప్రక్రియ: మడత.
14:05:58. తూముల కంప్యూటర్ భారం: నూరు శాతం. అందులో మడత వాటా: తొంభై ఎనిమిది.

తర్వాత పదకొండు నిమిషాలు ఏమీ లేదు. ఒక్క అంకె కూడా.

"ఆ పదకొండు నిమిషాలూ తూముల కంప్యూటర్‌కి ఊపిరాడలేదు," అంది వింధ్య. "తూమును మూసి పట్టుకునే సంకేతం ఆగిపోయింది. తూము దానంతట అదే తెరుచుకుంది. లాగ్ రాసుకునే తీరిక కూడా లేకపోయింది. రాయని చోట, మనం ఏ పేరు అడిగితే ఆ పేరు నింపి ఇచ్చింది. పేరు ఇవ్వకపోతే ఖాళీగానే వదిలింది. మడత పేరు మాత్రం ఎవరం అడగలేదు."

ఇందుశేఖర్ గొంతు మొదటిసారి పెరిగింది. "యంత్రానికి అబద్ధం నేను నేర్పలేదు! విప్పిన ప్రతిసారీ సరిపోయిందా అని అడుగుతుంది. అనుమానించిన పేరు కనిపిస్తే ఔను అన్నారు. కనిపించకపోతే కాదు అన్నారు. పంతొమ్మిదేళ్లు! మీ అందరి వేళ్లనీ చూసి నేర్చుకుంది అది."

కాసేపటికి సభ్యులిద్దరూ పైడితల్లి నిర్దోషి అని రాసి సంతకాలు చేశారు. తూముల కంప్యూటర్‌లో మడతను ఆపించారు. ఇందుశేఖర్‌ను అధ్యక్ష కుర్చీ నుంచి లేపారు.

ఆరింటి పడవ ఖైదీ లేకుండానే కదిలింది. రేవు మెట్ల దగ్గర పైడితల్లి తన నాలుగు వేళ్ల చేత్తో వింధ్య చెయ్యి పట్టుకుంది.

"నీ రునం ఉంచుకోనమ్మా. పండుగప్ప సేపలు పులుసెట్టి పంపుతాను." రెండు మెట్లెక్కి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "అవునుగానమ్మా, నాకు బొటనేలు నేదు గాబట్టి బతికినాను. నా ముందు నువ్వు జైలుకి పంపీసినోళ్లందరికీ పదేసి వేళ్లూ ఉండుంటాయి గదా?"

వింధ్య అక్కడి నుంచి నేరుగా తన గదికి నడిచింది.

టెర్మినల్ తెరిచింది. నలభై ఒక్క ఫైళ్లు. నలభై ఒక్క పేర్లు. ప్రతి పేరూ ఆమె తన చేత్తో కొట్టిందే, యంత్రం చెప్పకముందే. ఒక్క ఆదేశంలోనూ ఆ చోటు ఖాళీగా లేదు.

కానీ దర్యాప్తు కోసం దాచిన పాత లాగ్ ప్రతుల మీద మడత ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆమె మొదటి ఫైలు తీసుకుంది. మూడేళ్ల క్రితంది, కాకినాడ సముద్రపు గ్యాసు వేదిక మీద కవాటం తెరుచుకుని రేగిన మంట; అక్కడి లాగ్‌లనూ కుదించింది మడతే. తాను ఆ వేదిక మీద అడుగు పెట్టింది మంట ఆరిన వారానికి. ఆ కేసులో జైల్లో ఉన్న కుర్రాడికి అప్పుడు ఇరవై ఆరేళ్లు.

ఎవరి కోసం? అంది యంత్రం.

ఆమె తన పేరు టైపు చేసింది.

తొమ్మిది సెకన్లు.

తెరిచింది: వింధ్య. కుడి బొటనవేలి ముద్ర.

సరిపోయిందా?

ఆమె చాలాసేపు ఆ వరుసనే చూసింది. తర్వాత, ఆ కుర్రాణ్ణి జైలుకి పంపిన ఆ కుడి బొటనవేలితోనే, ఔను నొక్కింది.