పెట్టెలో నలుగురు

ఫువాతీనో ఎడమచేతి చిటికెన వేలు గాలిని నొక్కింది.

పియానో అయితే అక్కడ ఇంకా బోలెడు మీటలు ఉండేవి. ఈ కీబోర్డు అక్కడికే అయిపోయింది. వేలు వెళ్ళి పక్కనున్న కప్పుకు తగిలింది. కోకో కాస్తా చాప మీద ఒలికింది. పాట నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలందరూ నవ్వారు.

"మళ్ళీ మొదటినుంచి," అన్నారు పాస్టరమ్మ గారు, ఏమీ జరగనట్టు.

ఫువాతీనో చిన్నప్పటినుంచీ చర్చి పియానో మీదే నేర్చుకుంది. సముద్రపు గాలికి దాని తీగలు తుప్పుపట్టాయి. చెదలు కాళ్ళు తినేశాయి. పోయిన నెల అది పూర్తిగా మూగబోయింది. ఇటు చూస్తే పిల్లల ఆదివారం దగ్గర పడుతోంది. సమోవాలో ఆ రోజు చర్చి మొత్తం పిల్లలదే. తెల్లబట్టలు వేసుకుని వాళ్ళే పాడతారు, వాళ్ళే వాక్యాలు చెప్తారు. ఇంటికెళ్ళాక భోజనం కూడా పెద్దవాళ్ళకంటే ముందు వాళ్ళకే. అలాంటి రోజున వాయిద్యం లేకపోతే ఎలా? అందుకని పెళ్ళిళ్ళ బ్యాండులో వాయించే లఫాయెలే మామయ్య తన కీబోర్డు తెచ్చి ఇచ్చాడు.

"ఈ బటన్ నొక్కావంటే డ్రమ్ములూ తాళాలూ గిటారూ బేసు గిటారూ దానంతటదే వాయించుకుంటుంది. భయపడకు," అని చెప్పి చేలోకి వెళ్ళిపోయాడు.

భయమా? పియానో వచ్చినదానికి ఈ బొమ్మ ఒక లెక్కా అనుకుంది ఫువాతీనో.

బటన్ నొక్కింది. డ్రమ్ములు మొదలయ్యాయి. తమ్ముడు సెమీసీ ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడికి ఆరేళ్ళు. మొదటి చరణం వాడొక్కడే పాడాలి. ఫువాతీనో పియానో మీద లాగే ఎడమచేతి వేళ్ళను పైకీ కిందికీ పరిగెత్తించింది. అంతే, పెట్టెలోని బ్యాండుకి పిచ్చెక్కింది. వేలు ఎక్కడ పడితే గిటారూ బేసూ అక్కడికి దూకుతున్నాయి. ఏ శ్రుతి పట్టుకోవాలో తెలియక సెమీసీ ఆగిపోయాడు.

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఫువాతీనోకి చెవులు వేడెక్కాయి.

"తప్పు పాడుతున్నది నువ్వే. శ్రుతి తెలీనివాడివి ముందుకెందుకొచ్చావు?" అంది, అందరికీ వినబడేలా.

సెమీసీ వెళ్ళి అందరికంటే వెనక కూర్చున్నాడు. ఎంత బతిమాలినా మళ్ళీ నోరు విప్పలేదు.

"వాడు పాడకపోతే ఆ చరణం ఇంకెవరికీ రాదు. వచ్చే ఆదివారమే కదా," అన్నారు పాస్టరమ్మ గారు. "నువ్వే ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

మర్నాడు బడినుంచి రాగానే ఫువాతీనో కీబోర్డు ముందు కూర్చుంది. అసలు నిన్న ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. డ్రమ్ములు మొదలుపెట్టి, ఎడమవైపు ఒకే ఒక్క మీట నొక్కింది. గిటారూ బేసూ కలిసి వచ్చాయి. పక్క మీట నొక్కింది. రెండూ కలిసే పక్కకి జరిగాయి. ఈసారి కావాలనే వేళ్ళను గబగబా పరిగెత్తించింది. అచ్చం నిన్నటి గోలే.

"ఓహో," అనుకుంది.

మరి కుడివైపు? అక్కడ ఎంత పరిగెత్తించినా బ్యాండు పట్టించుకోలేదు. అయితే హద్దు ఎక్కడుందో? ఒక్కో మీటా నొక్కుకుంటూ వెతికి పట్టుకుంది. అక్కడ సుద్దతో చిన్న గుర్తు పెట్టింది.

ఇంకొకటి కూడా చూద్దామనిపించింది. ఎడమవైపు ఒక మీట నొక్కి, చెయ్యి పూర్తిగా తీసేసింది. పియానో అయితే వెంటనే చప్పుడు ఆగిపోవాలి. ఇది ఆగలేదు. బ్యాండు అదే చోట గుండ్రంగా తిరుగుతూ, ఆమె ఏం చెప్తుందా అని కాచుకుని ఉంది. ఆమెకి భలే ముచ్చటేసింది.

మామయ్య చేమదుంపల బుట్ట దించుతూ అంతా విన్నాడు.

"మామయ్యా, దీని మీద ఎడమచేత్తో వాయించకూడదా?"

"వాయించడానికి అందులో నలుగురున్నారు కదే. నువ్వు దారి చూపిస్తే చాలు. నిన్న వాళ్ళని ఊరంతా పరిగెత్తించావట. పాపం, కాళ్ళు పడిపోయుంటాయి."

ఫువాతీనో నవ్వింది. అంతలోనే సెమీసీ గుర్తొచ్చాడు. నవ్వు ఆగిపోయింది.

వాడు సీమపనస చెట్టు కింద పందిపిల్లలకి కొబ్బరి వేస్తున్నాడు.

"నిన్న తప్పు నీది కాదురా. నాదే," అంది.

"నాకు చెప్తే ఏం లాభం? తిట్టింది అందరి ముందు కదా," అన్నాడు వాడు, పందిపిల్లల వైపే చూస్తూ.

అదీ న్యాయమే.

తర్వాతి ప్రాక్టీసులో అందరూ కూర్చున్నాక ఫువాతీనో లేచి నిలబడింది. 

"సెమీసీ బాగానే పాడాడు. నేనే తప్పు వాయించాను. దీన్ని కూడా పియానో అనుకున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. వెనక కూర్చున్న సెమీసీ లేచి, మెల్లగా ముందుకొచ్చాడు.

పిల్లల ఆదివారం నాడు చర్చి కిటకిటలాడింది. మొదటి చరణం అయ్యాక కుడిచేత్తో వాయించాలని ఫువాతీనో ఒక స్వరాల పరుగు సాధన చేసి పెట్టుకుంది. అది వింటే ఊరంతా తనని మెచ్చుకోవాల్సిందే.

సెమీసీ సగం చరణం చక్కగా పాడాడు. అంతలో ముందు బెంచీలో ఉన్న అమ్మమ్మని చూశాడు. మాట మరిచిపోయాడు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

ఫువాతీనో కుడిచేతి వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆ పరుగు ఇప్పుడే వాయించేస్తే వాడి తప్పు ఎవరికీ కనబడదు. కానీ వాడి చరణం అక్కడితో సరి.

కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచేత్తో ఒక్క మీట నొక్కి వదిలింది. బ్యాండు మెత్తగా తిరగసాగింది. ఆమె తమ్ముడి వైపు తిరిగి, తొందరేం లేదన్నట్టు తలూపింది.

బ్యాండు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. సెమీసీ గట్టిగా ఊపిరి పీల్చుకుని పాట అందుకున్నాడు.

ఆ పాట అలా మధ్యలో ఆగి సాగడమే పద్ధతి కాబోలు అనుకున్నారు చర్చిలో అందరూ. ఫువాతీనో వాడి గొంతు వింటూ, అది ఎటు వెళ్తే అటు మీట మారుస్తూ చివరిదాకా వాడి వెంటే వెళ్ళింది.