సముద్రం వైపు గది

"మిస్ ఇబ్తిహాల్, మీ పేరు బి ప్లాన్‌లో ఉండాలి కదా?"

"ఉండేది. కొట్టేశాను."

"ఎందుకు?"

"నా పేరు, నా పెన్ను. మీకేమైనా అభ్యంతరమా ఉస్తాజ్ వగ్దీ?"

అభ్యంతరం లేకేం, చాలా ఉంది. కానీ దమన్‌హూర్ బాలికల బడి స్టాఫ్‌రూములో, ఎనిమిది మంది టీ తాగుతూ చెవులు రిక్కించి వింటుండగా చెప్పుకునేది కాదు. వగ్దీ గోడకు అంటించిన పేర్ల కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు.

అతను జాగ్రఫీ చెబుతాడు. ఆమె లెక్కలు చెబుతుంది. చలికాలం సెలవుల్లో టీచర్లందరినీ అలెగ్జాండ్రియా తీసుకెళ్లే పని ఈ ఏడు వాళ్లిద్దరి మీద పడింది. ఒకరికి మెత్తటి పరుపు కావాలి, ఒకరికి చవగ్గా తేలిపోవాలి, ఇంకొకరికి చేపలుంటే చాలు, పరుపుతో పనే లేదు. నెల రోజులు తగువులాడి ఇద్దరూ మూడు ప్లాన్లు తేల్చారు. ఎ వాళ్లకు రమ్ల్ స్టేషన్ దగ్గర హోటల్లో రెండు రాత్రులు. బి వాళ్లకు సిదీ బిష్ర్‌లో అద్దె ఫ్లాట్లు, ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి, వంట సొంతం. సి వాళ్లు పొద్దున రైలెక్కి, బహరీలో చేపలు తిని, సాయంత్రం రైల్లో ఇంటికి చేరతారు.

వగ్దీ ఆ బి ప్లాన్‌ను ఎంత ముచ్చటగా అల్లుకున్నాడో అతనికే తెలుసు. చేపల మార్కెట్‌కు ఎవరు వెళ్లాలి? ఏర్పాట్లు చూసే ఇద్దరే. పొద్దున్నే రొట్టెలు ఎవరు తేవాలి? వాళ్లే. ట్రామ్‌లో పక్కపక్క సీట్లు, చేతిలో వేడివేడి చిలగడదుంప. ఇప్పుడు ఆ పేరు మీద అడ్డంగా నీలి గీత పడింది.

అదే పేరు ఎ ప్లాన్‌లో, నబీహ్ పేరు కింద కూర్చుంది.

నబీహ్ ఇంగ్లీషు టీచరు. అతనికో ఎర్ర కారుంది. అతను రాకముందే అతని సెంటు వాసన గదిలోకి వస్తుంది. సోమవారం నాడు ఇబ్తిహాల్‌ను మెట్ల దగ్గర ఆపి పది నిమిషాలు మాట్లాడాడు. మంగళవారం ఆమె బి కొట్టేసి ఎ రాసుకుంది. ఆ రెండింటినీ కలిపి చూడటానికి లెక్కల టీచరే కానక్కర్లేదు.

"ఇద్దరి గది రాశారు. రెండోవారెవరు?" అన్నాడు వగ్దీ.

"తర్వాత చెప్తాను."

"నాకు చెప్పకపోతే ఎలా? గదులు బుక్ చేసేది నేనే కదా!"

"డబ్బు కట్టాం, గది సముద్రం వైపు ఉండాలి. అంతవరకే మీ పని."

ఆ సాయంత్రం హోటల్ నుంచి గదుల నంబర్లు వచ్చాయి. నబీహ్‌కు మూడు వందల నాలుగు, ఇబ్తిహాల్‌కు మూడు వందల ఐదు. రెండు బాల్కనీలూ పక్కపక్కనే! అటు నుంచి నబీహ్ "గుడ్ మార్నింగ్" అంటాడు, ఇటు నుంచి ఆమె నవ్వుతుంది, మధ్యలో సముద్రం. వగ్దీకి అన్నం సహించలేదు. ఫోన్ తీసి హోటల్‌కు చేశాడు.

"మూడు వందల ఐదులో వాళ్లను పై అంతస్తుకు మార్చండి. ఎటువైపైనా ఫర్వాలేదు."

"వెనకవైపు గదే ఉంది సార్. మళ్లీ మాకేం తెలీదంటే కుదరదు."

"నేను చెబుతున్నాగా!"

ఫోన్ పెట్టేశాక కాస్త సిగ్గేసింది. సిగ్గుకంటే హాయి ఎక్కువనిపించింది.

*

గురువారం మధ్యాహ్నం వాళ్లు దిగేసరికి అలెగ్జాండ్రియాలో గాలివాన. అలలు ఒడ్డున కోర్నీష్ బాట గోడ దూకి రోడ్డు మీద కార్లను కడుగుతున్నాయి. వగ్దీ బి వాళ్లను ఫ్లాట్లలో దింపి, ఎ వాళ్ల సంగతి చూడటానికి హోటల్‌కు వచ్చాడు.

రిసెప్షన్ దగ్గర ఇబ్తిహాల్ గొంతు వినపడుతోంది. ఆమె పక్కన, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నది అబ్లా ఇన్సాఫ్.

ఇద్దరి గదిలో రెండోవారు ఈమేనా!

అందరూ అబ్లా, టీచరమ్మా అని గౌరవంగా పిలిచే ఇన్సాఫ్ ముప్పై ఆరేళ్లుగా అరబిక్ చెబుతోంది. వేసవిలో రిటైరవుతుంది. ప్రతి ఏడూ ఆమె పేరు సి ప్లాన్‌లోనే ఉంటుంది. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతుంది. ఈసారి కూడా అంతేనని అతను అనుకున్నాడు.

"ఒక్కసారి లేవగానే సముద్రం చూడాలని ఈమె కోరిక," ఇబ్తిహాల్ రిసెప్షనిస్టుతో అంటోంది. "ఒక్కతే పడుకోవాలంటే భయమని నన్ను తోడు రమ్మంది. ఈ వయసులో హోటలెందుకని నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దంది. మీరేమో ఐదో అంతస్తులో వెనకవైపు గదిస్తారా? కిటికీ తీస్తే వంటింటి పొగ!"

"మేడమ్, మీవాళ్లే ఫోన్ చేసి మార్పించారు. ఇప్పుడు సముద్రం వైపు గదులన్నీ నిండిపోయాయి."

"అబద్ధం! మావాళ్లలో అంత బుద్ధిలేనివాళ్లు ఎవరున్నారు?"

రిసెప్షనిస్టు చిన్నవాడు, చెవులు ఎర్రబడ్డాయి. వగ్దీ నోరు మూసుకుంటే నింద అతని మీదే ఉండిపోయేది. ఒక్క క్షణం వగ్దీకి ఆ ఆశ కలిగింది కూడా.

"నేనే," అన్నాడు.

ఇబ్తిహాల్ తిరిగి చూసింది. "మీరా? ఎందుకు?"

ఈలోపు నబీహ్ లిఫ్టులోంచి వచ్చాడు, సెంటు వాసనతో సహా. విషయం విని, తన తాళం తీసి బల్ల మీద పెట్టాడు. "అబ్లా, నా గది తీసుకోండి. నాకు సముద్రం తెలిసిన మొహమే. మా అత్తయ్య ఇల్లు ఇక్కడే."

"మీరెంత మంచివారు ఉస్తాజ్ నబీహ్!" అంది ఇబ్తిహాల్.

వగ్దీకి ఆ మాట గుచ్చుకుంది. తప్పు తనది, పేరు నబీహ్‌కి!

అబ్లా ఇన్సాఫ్ మాత్రం తాళం ముట్టుకోలేదు. "ఉండు నాయనా. ముందు వగ్దీ చెప్పాలి. ఎందుకు మార్చావు?"

"పొరపాటున..."

"చెప్పులకేసి చూడకు. నాకేసి చూసి చెప్పు. నేను రెండు తరాల పిల్లల చేత నిజం చెప్పించాను."

వగ్దీ తలెత్తాడు. "బాల్కనీలు పక్కపక్కన వచ్చాయి అబ్లా. ఆవిడదీ, ఈయనదీ. నేను ఓర్చుకోలేకపోయాను. మీరున్నారని నిజంగా తెలీదు."

ఇబ్తిహాల్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

నబీహ్ ముందు నవ్వాడు, తర్వాత నవ్వు తగ్గించుకున్నాడు. "నా బాల్కనీ గురించి భయపడ్డావా మిత్రమా? సోమవారం మెట్ల దగ్గర ఆమెను పెళ్లి మాట అడిగాను. కుదరదంది. ఎందుకని అడిగితే, 'నెల రోజులుగా ఒకాయన నా కోసం ట్రామ్ సీట్ల దాకా లెక్కేస్తున్నాడు, నోరు మాత్రం తెరవట్లేదు' అంది. ఎవరా అని నేను మూడు రోజులు బుర్ర గోక్కున్నాను."

"ఉస్తాజ్ నబీహ్! అది మీతో మాత్రమే చెప్పిన మాట!"

"అందుకే ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు."

వగ్దీకి ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఇబ్తిహాల్ కళ్లలో నీళ్లు కనిపించాయి. అవి సంతోషం నీళ్లు కావు.

"మీరు నన్నొక్క మాట అడిగి ఉండొచ్చు," అంది. "అడగలేక ఈ పెద్దావిడ గది లాగేశారు. ప్రస్తుతానికి నాతో మాట్లాడకండి."

"నబీహ్, తాళం తీసుకో నాయనా," అంది అబ్లా ఇన్సాఫ్. "నువ్వు డబ్బు కట్టావు, నువ్వు పడుకో. చెడగొట్టినవాడే బాగుచెయ్యాలి."

*

వగ్దీ గొడుగు తీసుకుని బయటపడ్డాడు. రెండో వీధి మలుపులో గాలికి గొడుగు వెనక్కి తిరిగి విరిగిపోయింది. మొదటి హోటల్లో గదుల్లేవు. రెండోదాంట్లో ఉన్న గదికి బాల్కనీ లేదు. మూడోదాంట్లో గుమస్తా అతని బట్టల్లోంచి కారుతున్న నీళ్లు చూసి లోపలికే రానివ్వలేదు. ట్రామ్ పట్టాల పక్కగా నడిచాడు, అడిగాడు, మళ్లీ నడిచాడు. చివరికి ఒక పాతకాలపు భవనం మూడో అంతస్తులో, ఒక గ్రీకు ముసలావిడ నడిపే పాన్షన్ అనే చిన్న లాడ్జిలో ఇనుప రెయిలింగ్ బాల్కనీ ఉన్న గది దొరికింది. తలుపు తీయగానే సముద్రం గదిలోకి వచ్చేసినట్టు ఘోషించింది.

"ఇద్దరు ఆడవాళ్లు," అన్నాడు పళ్లు కొట్టుకుంటూ.

"నువ్వు?" అంది ఆవిడ.

"నేను వాళ్ల సంచులు మోసేవాణ్ణి."

మోశాడు కూడా. లిఫ్టు లేదు. అబ్లా ఇన్సాఫ్ సంచీలో ఏముందో గానీ, ప్రతి అంతస్తులో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఇబ్తిహాల్ అతనికేసి చూడకుండా వెనకే ఎక్కింది. మూడో అంతస్తులో మాత్రం తన శాలువా తీసి అతని తడి భుజం మీద విసిరింది.

"జలుబు చేస్తే మళ్లీ ట్రిప్పు పని నా ఒక్కదాని మీదే పడుతుంది," అంది.

అబ్లా ఇన్సాఫ్ బాల్కనీ తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. వాన సన్నబడింది. మబ్బుల కింద ఒక నారింజరంగు గీత సముద్రం మీద పరుచుకుంటోంది. ఆమె కుర్చీ లాగించుకుని కూర్చుంది.

"పొద్దున లేచేసరికి ఇక్కడే ఉంటుందిగా?" అంది చిన్నపిల్లలా.

"ఉంటుంది అబ్లా," అన్నాడు వగ్దీ. "నన్ను క్షమించండి."

"క్షమిస్తాను. మీరిద్దరూ కిందికెళ్లి ఆ గోడ పక్కన నడవండి. మాట్లాడుకోవాల్సింది మాట్లాడుకోండి. ఈ అమ్మాయిని జాగ్రత్తగా చూసుకుంటానని వాళ్లమ్మకు మాటిచ్చాను, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది."

కోర్నీష్ మీద తడి రాళ్లు మెరుస్తున్నాయి. ఇద్దరి మధ్యా మూడో మనిషి నడిచేంత ఎడం ఉంది.

"నబీహ్ తాళం ఇచ్చినప్పుడు మీరెంత మంచివారు అన్నారే," అన్నాడు వగ్దీ. "అది ఇంకా గుచ్చుకుంటోంది."

"ఇంకా అసూయేనా?"

"అసూయే. అది పోవడానికి టైం పడుతుంది. ఈలోపు నేను ఏదైనా అనుమానిస్తే ముందు మిమ్మల్నే అడుగుతాను. హోటళ్లకు ఫోన్ చేయను."

"ఇంకా?"

"మీరంటే నాకిష్టం. ఎప్పుడో, కాగితం మీద ప్లాన్లు రాసేముందే చెప్పాల్సింది."

ఇబ్తిహాల్ సముద్రం వైపు తిరిగి నవ్వు దాచుకోబోయింది, కుదరలేదు. "ఆదివారం సాయంత్రం మా నాన్న ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మగారిని తీసుకుని రండి. గొడుగు కొత్తది కొనుక్కుని రండి."

అప్పుడు పైనుంచి, గాలిని చీల్చుకుంటూ, ముప్పై ఆరేళ్లు క్లాసులను అదుపులో పెట్టిన గొంతు వినపడింది.

"వగ్దీ! అంత దూరంగా నడిస్తే దానికి నీ మాటలేం వినిపిస్తాయిరా? కాస్త దగ్గరగా నడువు!"

వగ్దీ ఒక అడుగు జరిగాడు. ఇబ్తిహాల్ అరడుగు జరిగింది.

"చాలు! అక్కడే ఆగు!"