ఉప్పు కొటారులో తడి చెయ్యి

రేవు కాలవకి అవతల, కొండవారనున్న పాత ఉప్పు కొటారు — ఒకప్పుడు ఉప్పు నిలవచేసిన గిడ్డంగి — వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు. వైజాగులో దెయ్యాలకి కొదవేం లేదు గానీ, పోలీసు రికార్డుకెక్కిన దెయ్యం మాత్రం అదొక్కటే. ఎలా ఎక్కిందో మా గవర్రాజు బావ చెప్పగా విన్నాను.

ఎమర్జెన్సీ రోజులు. వన్ టౌన్లో శ్రీరామ్మూర్తి గారని ఓ పేపరాయన ఉండేవారు. నాలుగు పేజీల వారపత్రిక, నలభై పేజీల పౌరుషం. వెనకటికి అమెరికాలో దొరల మీద తిరగబడ్డ ఓ పేపరాయన, అచ్చు మిషన్ని రాత్రికి రాత్రి ఏరు దాటించేశాడని ఎక్కడో చదివారు. అంతే! పోలీసులు తాళం వెయ్యడానికొచ్చేసరికి ప్రెస్సులో కాగితాలున్నాయి, మిషను లేదు. ఉన్న కాగితాలు వాళ్ళు పట్టుకుపోయారు.

"పంద్రాగస్టుకి ఒక్క కాపీ అయినా తెస్తాను" అని కబురంపి, ఆయన మాయమయ్యారు.

మా బావ అప్పుడు కానిస్టేబులు. మిషను పట్టుకుంటే హెడ్డు చేస్తామని పైవాళ్ళు ఆశపెట్టారు. దొరికితే ఆయనకి జైలు, బావకి ప్రమోషను. కొటారులో రాత్రిళ్ళు ఏదో చప్పుడవుతోందని విని, పద్నాలుగో తారీకు సాయంత్రం బావ మఫ్టీలో, తెల్లచొక్కా తొడుక్కుని పడవెక్కాడు.

కొటారు తలుపు ఓరగా ఉంది. లోపల సన్నటి వెలుగు... టక్... టక్...

"ఎవుల్రా అది?"

వెలుగు ఆరిపోయింది. చప్పుడూ ఆగిపోయింది.

చీకట్లో బావ ఒకడుగు వెనక్కేశాడు. ఇంకొకటి... వీపుకి ఏదో ఆనింది — చల్లగా, తడిగా, వీపంత వెడల్పు చెయ్యిలా. చెవి పక్కనే గుసగుస —

"కదలకు బాబూ... చెదిరిపోద్ది..."

ఇంకా ఆగుతాడా! ఒక్క పరుగున పడవలో పడ్డాడు.

ఇవతలి రేవులో దిగి బజారు మీదుగా నడుస్తుంటే వెనకాల అడుగులు... ఇద్దరు, పదిమంది, ముప్ఫైమంది... అందరి చూపూ అతని వీపు మీదే.

"కాస్త నెమ్మదిగా నడు బావా..." అన్నాడెవడో.

దెయ్యం వీపెక్కి కూచుందని బావకి ఖాయమైపోయింది. ఇంట్లో పడి తలుపేసేశాడు.

"గంగాలూ! నా వీపు మీద ఏటుందే?"

వాళ్ళావిడ గంగాలమ్మ దీపం దగ్గరగా పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"భ...య...ప...డ...కం...డి. కింద సిన్నచ్చరాలు. పైన రేపటి తారీకు. మావా, ఇది శ్రీరామ్మూర్తి గోరి పేపరు!"

ఇంకు పట్టించి మిషన్లో నిలువుగా బిగించిన సీసం అక్షరాల పేజీకే బావ వీపు ఆనించాడు. కాగితం దొరక్క ఏడుపొక్కటే తక్కువగా ఉన్న పెద్దమనిషికి దేవుడు తెల్లచొక్కా పంపాడు. ఇంకు ఆరేదాకా ఆగమని ఆయన బతిమాలితే బావ ఆగలేదు.

పంద్రాగస్టు తెల్లారింది. మిషను దొరికిందంటే సాక్ష్యంగా చొక్కా చూపించాలి. చూపిస్తే, నిషేధించిన పేపరు బజారంతా తిప్పి చదివించిందెవరు? ఉన్న ఉద్యోగానికే మోసం. బావ రిపోర్టు రాసిచ్చాడు — 'కొటారులో మిషను లేదు. దెయ్యం కలదు.'

హెడ్డు పోస్టు ఇంకెవరికో పోయింది. ఆ చొక్కా మాత్రం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. మొన్న తీసి చూపించాడు.

"ఇన్నేళ్ళూ ఉతికించలేదేం బావా?" అన్నాను.

చటుక్కున లాక్కుని మళ్ళీ మడతపెట్టాడు.

"నానెందుకు ఉతికిత్తాను? ఆ వారం వొచ్చింది ఈ ఒక్క కాపీయే గదేటి!"