వెనుక లేని కెమెరా

నా పెద్దబిడ్డ అరుంధతి పెళ్లిలో నా చోట మా తమ్ముడు జగపతి కూర్చున్నాడు. భార్య పోయినవాడు కన్యాదానం చేయకూడదని వాడే తీర్మానించాడు. అది అన్యాయం. ఇందులో వాదన లేదు.

నేను జనగామకు పోలేదు. భూపాలపల్లిలో ఇంట్లోనే ఉన్నాను.

చిన్నబిడ్డ పల్లవి ఊరుకోలేదు. పెళ్లిని లైవ్‌లో చూపించే యుగేందర్‌ను ముందురోజే ఇంటికి పిలిపించింది. ఆ ఏర్పాట్ల మీద నెల నుంచీ ఇద్దరికీ కొట్లాటే. అతను వీఆర్ హెడ్‌సెట్ తెచ్చి నా కళ్లకు కట్టాడు.

"మండపంల ఉన్నట్టే, బాపు. తల ఎటు తిప్పితే అటు కనబడ్తది."

"మా నాయినకు కండ్లు తిరిగినయంటే, నీ డబ్బా నీ నెత్తి మీదనే కొడ్త," అంది పల్లవి.

"కొట్టు. అప్పుడన్న నా దిక్కు చూస్తవు."

వాడి నోరు నాకు నచ్చలేదు.

ముహూర్తానికి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ఎదురుగా పీటల మీద జగపతి. చూడలేక కుర్చీలోనే వెనక్కి తిరిగాను.

అక్కడ యుగేందర్, పక్కన పల్లవి. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఒక అలవాటు. కెమెరా వెనుక ఉంటే కనబడమనుకుంటారు. మాటలు ఎట్లాగూ తీసేసి పాటలు పెడతారు. అన్ని దిక్కులూ ఒకేసారి తీసే ఈ కెమెరాకు వెనుక లేదు. పైగా లైవ్.

"పెండ్లి అటు అయితాంటే ఇటు చూస్తవేంది?"

"నువ్వు గిటున్నవు గదా."

"జర సిగ్గు లేదా?"

"నిన్న మీ ఇంట్లనే ఇడిసిపెట్టొచ్చిన."

పల్లవి నవ్వింది. అంతలోనే ముఖం ముడుచుకుంది.

"మా నాయిన గిట్ల ఇంట్ల ఒక్కడే కూసునే పెండ్లి నాకైతే వద్దు."

"నాకూ వద్దు. నా కాళ్లు ఆయనే కడగాలె. ఒక్కడే అయినా సరే. ఎవలన్న అడ్డమొస్తే పీటల మీదికెల్లి లేచిపోత."

"అంటే... నన్ను అడుగుతున్నవా?"

"నెల నుంచి అడుగుతనే ఉన్న. నీకు కొట్లాట లెక్క వినబడుతున్నది."

నాకిక కూర్చోబుద్ధి కాలేదు. లేచాను. మోకాలు బల్లకు తగిలింది. హెడ్‌సెట్ పైకి నెట్టి ఫోన్ కలిపి, మళ్లీ కిందికి లాక్కున్నాను.

"ఏంది నాయినా?"

"వానికి సరే అని చెప్పు."

"ఎవలకు?"

"నీ పక్కన నిలబడ్డోనికి. వాని కాళ్లు నేను కడుగుత."

లైవ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. నా మాట అయిపోయాకే పల్లవి ఫోన్ ఎత్తడం కనబడింది. తర్వాత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. యుగేందర్ కెమెరా వైపు చూసి, తడబడి, రెండు చేతులూ జోడించాడు.

మాఘంలో వాళ్ల పెళ్లి. పీటల మీద నేనొక్కడినే కూర్చుంటాను. జగపతి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. వాడు చేసిన పని గురించి నేను ఇక ఎవరితోనూ మాట్లాడను.