పాలతో కడిగిన పుటలు

లాసర్ వచ్చి గుమ్మంలో కూలబడే సమయానికి ఫెహీన్ వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. కొండదారి బురదలో ఆమె చెప్పులు ఎక్కడో జారిపోయాయి. ఆ సంగతి ఆమెకింకా తెలియదు.

“బాబూ, మావాణ్ణి సముద్రంలోకి తోసేస్తారట. ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తియ్యగానే. తెడ్డు లేని పడవలో!”

ఫెహీన్ ధర్మశాస్త్రం చదివాడు గాని ఏ రాజు కొలువులోనూ కుదురుకోలేదు. పిలిచినవాళ్ళ చిక్కు విప్పి, వాళ్ళు పెట్టింది తిని బతికేవాడు. మనుషుల అబద్ధాలు విని విని అలిసిపోయిన ముఖం అతనిది. శిష్యుడు ఉల్టాన్‌కు మాత్రం ఆ ముఖం చూస్తే చాలు, ఆకలి తీరిపోతుంది.

“భయపడకమ్మా,” అన్నాడు ఉల్టాన్. “బూడిద చూసి ఏ కట్టె కాలిందో చెప్పేస్తారు మా గురువుగారు.”

“నోరు మూసుకుని తువ్వాలు అందుకోరా,” అన్నాడు ఫెహీన్. “ఏడుపు తర్వాతమ్మా. ముందు ఏం జరిగిందో చెప్పు.”

దారి పొడుగునా ఆయాసపడుతూ చెప్పింది లాసర్. మొగుణ్ణి సముద్రం మింగాక, కొడుకునైనా దక్కించుకుందామని బ్రోకాన్‌ను మఠంలో పెట్టింది. రాతగదిలో పుటలుగా వాడే తోళ్ళు సిద్ధం చెయ్యడం, సిరా కాచడం వాడి పని. అక్కడే టోమీన్ అనే ముసలి సన్యాసి, ఈస్టర్ పండుగ ఏ ఆదివారం చెయ్యాలో చంద్రుడి నడకను బట్టి తేల్చే గ్రంథం ఒకటి జీవితమంతా రాశాడు. పండుగ ఎప్పుడన్నదాని మీద మఠానికీ మఠానికీ మాటలు లేని రోజులవి. రాయడం పూర్తయ్యేసరికి ఆయన కళ్ళు పోయాయి. ఈ పొద్దున చూస్తే ఆ పుటలన్నీ పాలతో తడిసి, అక్షరాలు చెరిగి, నేలమీద పడి ఉన్నాయట.

“మావాణ్ణి మొన్న తోళ్ళ లెక్క తప్పాడని ఆ పెద్దాయన అందరి ముందూ తిట్టాడు. ఆ కక్షతో చేశాడంటున్నారు బాబూ. వాడు పాలకుండతో బయటికి రావడం కెల్లాహ్ అనే సన్యాసి అయ్య చూశాడట. మావాడు కోడిని కొయ్యాలన్నా కళ్ళు మూసుకుంటాడు!”

మఠం చేరేసరికి మధ్యాహ్న ప్రార్థన జరుగుతోంది. అందరూ నేలకు నుదురు ఆనించి వంగారు. కెల్లాహ్ ఒక్కడే గోడ పక్కన నిటారుగా నిలబడ్డాడు. లాసర్‌కు మాత్రం రేవులో బోర్లించిన చిన్న తోలుపడవ తప్ప ఇంకేమీ కనబడలేదు.

ప్రార్థన కాగానే ఫెహీన్ కెల్లాహ్ దగ్గరికి నడిచాడు.

“ఒంట్లో బాగాలేదా అయ్యా?”

“నడుం పట్టేసింది. ఈ దీవి తడి గాలి నాకు పడదు. సముద్రం అవతల గాల్ దేశంలో పదేళ్ళు చదివొచ్చినవాణ్ణి, అక్కడి ఎండ వేరు. ఈ ఆటుకే మళ్ళీ వెళ్ళిపోతున్నాను.”

“అబ్బాయి పడవా అప్పుడే, మీ పడవా అప్పుడే అన్నమాట.”

“శిక్ష చూసి వెళ్ళడం బాధే అనుకోండి,” అన్నాడు కెల్లాహ్.

మఠాధిపతి ఫైలాన్ విసుగ్గా రాతగది తలుపు తీశాడు. “చూసుకో ఫెహీన్. ఆటు నీకోసం ఆగదు.”

ఫెహీన్ పాడైన పుట ఒకటి తీసి సూర్యుడికి అడ్డం పట్టాడు. దాని అంచుల వెంట మెల్లగా బొటనవేలు జరిపాడు. మూలనున్న కొత్త తోళ్ళ అంచులూ అలాగే తడిమాడు. తర్వాత బ్రోకాన్‌ను పిలిపించాడు. చేతులు కట్టేసి తెచ్చారు. కొడుకు మణికట్ల మీద తాడు ఒరుసుకుపోయిన చోటు చూసి లాసర్ తన చేతులు రుద్దుకుంది.

“సిరా దేంతో కాస్తావురా?”

“ముళ్ళచెట్టు బెరడు ఉడకబెట్టి అండీ. టోమీన్ అయ్య ఇంకేదీ వాడనివ్వరు.”

“అది పాలతో పోతుందా?”

“పాలలో నానేసి, ఆ తర్వాత కత్తితో గీకాలండీ. ఒక్క పుటకే చేతులు పడిపోతాయి. ఎంత గీకినా ఎండలో పెడితే అక్షరం నీడ కనబడుతూనే ఉంటుంది.”

“ఈ తోళ్ళకి చిల్లులెందుకు?”

“గీతలు వంకరపోకుండా. పుటలు మడిచాక రెండంచులా సూదితో పొడుస్తాం. ఇక్కడందరికీ అదే అలవాటండీ.”

“వాడి పనితనం వినడానికా వచ్చావు?” అన్నాడు ఫైలాన్.

“దానికే పెద్దయ్యా. అందర్నీ పిలిపించండి. టోమీన్ గారిని కూడా.”

అందరూ రాతగది ముందు చేరారు. గుడ్డి టోమీన్‌ను ఇద్దరు పట్టుకుని తెచ్చి బల్లమీద కూర్చోబెట్టారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో మనిషిలా ఉన్నాడాయన. లాసర్‌కు జాలి కలిగింది, వెంటనే ఆ జాలి మీద కోపం వచ్చింది. అవతల నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది.

“పెద్దయ్యా, ఈ పుట ఎండకు పెట్టి చూడండి,” అన్నాడు ఫెహీన్. “అక్షరాల నీడ ఉందా? గీకిన గుర్తుందా?”

ఫైలాన్ అటూ ఇటూ తిప్పాడు. “లేదు. మసి మరకలున్నాయి, అంతే.”

“మసితో చేసిన సిరా తోలు మీద కూర్చుంటుందే గాని లోపలికి దిగదు. పాలు పోసి తుడిస్తే పోతుంది. బెరడు సిరా అలా పోదు. అంటే వీటిమీద టోమీన్ గారి రాత ఎన్నడూ లేదు. మసి సిరాతో ఏవో గీతలు గీసి, పాలతో కడిగి, పుస్తకం పాడైందని మనల్ని నమ్మించారు. పాడైపోయిందనుకుంటే ఎవరూ వెతకరు కదా.”

అతను ఆ పుటను ముసలాయన ఒళ్ళో పెట్టాడు. “అయ్యా, అంచులు తడిమి చూడండి.”

ముసలి వేళ్ళు ఒక అంచు వెంట నడిచాయి, రెండో అంచుకి వెళ్ళాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

“ఇటువైపు చిల్లుల్లేవు,” అన్నాడు టోమీన్. “ఇది నాది కాదు. ఇది మన చేతి పనే కాదు!”

“బయటి అంచు ఒక్కటే పొడిచే అలవాటు గాల్ దేశం బడుల్లో ఉంది,” అన్నాడు ఫెహీన్. “మోసం చేసేటప్పుడు కూడా చెయ్యి తను నేర్చుకున్నట్టే పనిచేసింది. అక్కడ చదివినవాడు ఈ దీవిలో ఒక్కడే. కెల్లాహ్ అయ్యా, ఒక్కసారి వంగి పెద్దయ్యకు దణ్ణం పెట్టండి.”

“నడుం పట్టిందని చెప్పానా!”

“తోలు పుటలు ఒంటికి చుట్టుకుంటే ఎవరి నడుమైనా పడుతుందండీ. ఉల్టాన్, అయ్యగారి దట్టీ విప్పు.”

కెల్లాహ్ పరిగెత్తబోయాడు గాని బిగుసుకున్న ఒళ్ళు సహకరించలేదు. దట్టీ కింద, చొక్కా కింద, పొట్ట చుట్టూ గుడ్డతో కట్టిన పుటలు బయటపడ్డాయి. చెమటకు అంచులు మెత్తబడ్డాయి గాని అక్షరాలు నల్లగా, నిండుగా ఉన్నాయి.

“ఇక్కడుంటే దీన్ని గొర్రెలు చదవాలి!” అని అరిచాడు కెల్లాహ్. “అక్కడ రాజులు చదువుతారు!”

“నీ పేరు పెట్టుకునా?” అన్నాడు ఫైలాన్.

బ్రోకాన్ కట్లు విప్పారు. టోమీన్ గాలిలో చేతులు చాచి వెతుక్కున్నాడు. “నువ్వే అనుకున్నానురా. నన్ను క్షమించు.” బ్రోకాన్ కెల్లాహ్ దగ్గర దొరికిన కట్ట అందుకున్నాడు. పుటలు ఒక్కొక్కటీ ఎండలో పరిచి, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టాడు. ఆఖరి పుట మాత్రం తెచ్చి ముసలాయన వేళ్ళ కింద ఉంచాడు.

“ఇంటికి పోదాం రారా,” అంది లాసర్.

“ఇవి ఆరాలి కదమ్మా,” అన్నాడు వాడు.

పడవ ఖాళీగా పోలేదు. నింద మోపినవాడికే ఆ శిక్ష అన్నాడు ఫైలాన్. కెల్లాహ్‌ను రేవులోకి ఈడ్చుకెళ్తుంటే లాసర్ కూడా వెనకే వెళ్ళింది. వాడి ముఖాన ఉమ్మెయ్యాలనే వెళ్ళింది. తీరా దగ్గరికెళ్ళి చూస్తే వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వీణ్ణి కన్నది ఎక్కడుందో, ఈ పూట ఏం వండుకుంటోందో.

ఆమె ఒడ్డున పడి ఉన్న తెడ్డు ఎత్తి పడవలో పెట్టింది.

“ఎవరు పెట్టమన్నారమ్మా అది?” అని పైనుంచి కేకేశాడు ఫైలాన్.

“ఎవరూ అనలేదయ్యా,” అంది లాసర్, తడిసిన కొంగు పిండుకుంటూ. “కాళ్ళకడ్డం వస్తోంది, తీసి పక్కన పెట్టాను.”